రెండో పక్క

ఒక్కదాన్నే వస్తానన్నా.
గది ఒక్కరికే ఇస్తాం, డబ్బు మటుకు ఇద్దరిది కట్టాలన్నారు.
కావలి ట్రంకురోడ్డు మీద టికెట్లు రాసే పిల్లోడు
ఆ మాట చెప్పడానికి నాకంటే ఎక్కువ సిగ్గుపడ్డాడు.
ముప్పై నాలుగేళ్లు కాన్పుల వార్డులో
ఒక మంచానికి ఇద్దరిని సర్దినదాన్ని,
ఒక మనిషికి రెండు మంచాలంటే నవ్వొచ్చింది.
కట్టేశా.

మా తుమ్మలపెంటలో ఆడది పడవ తొక్కదు.
తొక్కితే వలలో చేప పడదంటారు.
నాయన తెరచాప చిరిగినప్పుడల్లా
పిండిసంచులు కోసి అతుకులేసింది అమ్మే.
ఆమె కుట్టు సముద్రం మీదికి పొయ్యేది,
ఆమె మటుకు తడి ఇసకలో నిలబడి
కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకొనేది.

ఓడకి నాలుగు స్తంభాలు.
తెరచాపలు మూడుసార్లు లెక్కబెడితే
మూడు లెక్కలొచ్చాయి.
కానరీ దీవుల్లో ఎక్కితే బార్బడోస్‌లో దిగాలి.
పంతొమ్మిది రోజులు. నడుమ ఏమీ లేదు.
చంటిబిడ్డ ఏడుపు కూడా లేదు,
నన్ను లేపడానికి.

మూడోనాటి రాత్రి ఇంజను ఆపారు.
బిడ్డ బయటపడ్డాక, ఇంకా ఏడవకముందు
గదంతా ఊపిరి బిగబడుతుందే,
అట్లాంటి నిశ్శబ్దం.
అప్పుడు పైన ఎక్కడో గుడ్డ నిండింది.
ఓడ ఒక పక్కకి వొరిగి, నడిచింది.
నా చేతులు వాటంతట అవే
తువ్వాలు కోసం వెతికాయి.

మాకు తూరుపు గాలంటే తుఫాను.
రేడియో, లాంతరు, పొట్లం కట్టిన బియ్యం.
ఇక్కడ అదే తూరుపు గాలి
నడుం మీద చెయ్యేసి
పద పద అంటా పడమటికి నెడుతుండాది.
ఇన్నాళ్లూ దాన్ని తిట్టిన తిట్లు గుర్తొచ్చి
మొహం ఎటు పెట్టాలో తెలియలేదు.

భోజనాల కాడ ఒక జర్మనీ ముసలామె అడిగింది:
నీ భర్త?
లేడు.
అయ్యో, ఎప్పుడు?
ఎప్పుడూ లేడు.
ఆమె చారుగిన్నె నా వైపు జరిపింది,
జాలితోనో, మెచ్చుకోలుతోనో.

నాలుగైదు రోజులకొకసారి
గడియారం గంట వెనక్కి తిప్పమనేవాళ్లు.
నైట్ డ్యూటీల బాకీ
చిల్లర చిల్లరగా చేతికొస్తున్నట్టుండేది.

రెండో పక్క మీద మొదట పెట్టె పెట్టా.
తర్వాత తడిచీర ఆరేశా.
ఎండురొయ్యల పొడి సీసా వాసన పోతుందని
దిండు కింద దాచా.
పన్నెండో రాత్రి, డబ్బు కట్టింది గదా అని
లేచి దాని మీదికి మారా.
అదే గది, అదే గుండ్రని కిటికీ.
నక్షత్రాలు మటుకు వేరేవి.

ఒకనాడు దించిన తెరచాపని
డెక్కు మీద పరిచారు, అతుకెయ్యడానికి.
వొంగి, వేలితో కుట్టు తడిమి చూశా.
దూరం దూరంగా ఉండాది.
అమ్మైతే విప్పించి, మళ్లీ కుట్టించేది.
కుట్టే అబ్బాయికి చెప్పడానికి
నా ఇంగ్లీషు చాల్లా.
సూది తీసుకొని చూపించా.
నాలుగు బారలు నేనే కుట్టా.

ఆ సాయంత్రమే
రెక్కల చేపొకటి నీళ్లలోంచి లేచి
గాల్లో ఈదుకుంటా వచ్చి
నా కాళ్ల కాడ పడింది.
వలేదీ వెయ్యలేదు, ఎవరూ పిలవలేదు.
రెండు చేతులా పట్టుకున్నా,
పుట్టిన బిడ్డని పట్టుకున్నట్టే, మెడ కింద వేలు పెట్టి.
నీళ్లలోకి వొదిలేశా.

తిరిగొచ్చినాక రేవు కాడ
మేనల్లుడు పోలయ్య
ఇంజనుకి కిరసనాయిలు పూసి తుడుస్తా అడిగాడు:
అన్ని రోజులు పొయ్యొచ్చావే, ఏం పడ్డాయత్తా?

ఒక్కటి. దానంతట అదే.

కోతలు, అన్నాడు.
వాడి పడవ అంచు మీద నా చెయ్యి ఉండాది.
చూశాడు.
తియ్యమని మటుకు అనలా.